చేపల పులుసు తిన్న డిపో

క్యాంటీను

ఒక ప్రభుత్వ సంస్థ ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవాలంటే లెక్కల సెక్షన్‌కి వెళ్ళకండి. అక్కడ అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఉండేలా చూసుకోడానికే వాళ్ళకి జీతాలు. తిన్నగా క్యాంటీన్‌కి వెళ్ళి ఆవేళ ఏం వండారో చూడండి. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, ఒక పెద్దమనిషి దగ్గర నేర్చుకున్నాను.

నేను సర్కారు బస్సుల్లో కండక్టరుగా చేరి, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా చాలాకాలం నలిగి, డిపో మేనేజరుగా దిగిపోయాను. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అన్నవి మా ఆవిడకే విసుగు పుట్టిన కథలు, మీకెందుకు? ఈమధ్య మా వీధిలో ఒకమ్మాయికి బస్సు డిపోలో అసిస్టెంటు మేనేజరు ఉద్యోగం వచ్చింది. ట్రైనింగులో లీడర్‌షిప్ గురించి తెగ చెప్పారట. "మీ రోజుల్లో ఎలా ఉండేదంకుల్?" అని అడిగింది. "చేపల వాసన వేసేదమ్మా" అన్నాను. నవ్వింది. నేను నవ్వించడానికి అన్న మాట కాదది. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మా డిపో విశాఖ పాత ఊరివైపు, హార్బరుకి దగ్గర్లో ఉండేది. బస్సులకి అద్దాలుండేవి కావు. అద్దాలున్నవాటికి హారన్లుండేవి కావు. డ్రైవర్లు తలుపు మీద అరిచేత్తో బాదుకుంటూ నడిపేవారు. ఏటా నష్టమే. ఆ నష్టం రాష్ట్ర ప్రభుత్వం పూడ్చాలి, పూడ్చలేక ట్రిప్పులు తగ్గించమనాలి, ట్రిప్పులు తగ్గితే జనం లారీలెక్కాలి, వాళ్ళు లారీలెక్కితే మాకు ఇంకాస్త నష్టం రావాలి. ఏళ్ళ తరబడి అలా హాయిగా జరిగిపోయింది.

క్యాంటీన్‌లో మాత్రం రోజూ చేపల పులుసే. పప్పు నీళ్ళోడేది, అన్నంలో రాళ్ళు తగిలేవి, పులుసు మాత్రం పెళ్ళివారింట్లో కూడా అలా కుదరదు. ధర నామమాత్రం. పక్క ఆఫీసుల గుమస్తాలు కూడా పన్నెండు కొట్టేసరికి మా క్యాంటీన్ బల్లల దగ్గర తేలేవారు. చేపలు ఎక్కడివని ఒక్కడూ అడగలేదు. అడిగితే వడ్డన ఆగిపోతుందని అందరికీ తెలుసు.

చేపలు తొలి బస్సువి. తెల్లవారగానే హార్బరు నుంచి పూర్ణా మార్కెట్, కంచరపాలెం మీదుగా గాజువాక వెళ్ళే సర్వీసది. పడవలు ఒడ్డు చేరగానే వేలంలో చేపలు పాడుకున్న ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని దాని కోసం కాచుకునేవారు. రూలు ప్రకారం పచ్చి చేపలు బస్సెక్కకూడదు. మరి కంచరపాలెం ఎలా చేరాలో ఆ రూలు రాసినాయన రాయలేదు. అందుకని మావాళ్ళు సొంతంగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. వెనక తలుపు దగ్గర ఒక బకెట్టు పెట్టేవారు. తట్ట లోపలికి రావాలంటే గుప్పెడు చేపలు బకెట్టులో పడాలి. ఆ తరవాత తట్టకీ టికెట్టు లేదు, తట్ట మోసే మనిషికీ లేదు. బస్సు కిటకిటలాడుతూ వెళ్ళేది, కండక్టరు సంచీ ఖాళీగా తిరిగొచ్చేది.

పంపకాల్లో మాత్రం మావాళ్ళ క్రమశిక్షణని మెచ్చుకోవాలి. కండక్టరుకి వేలెడంత నెత్తళ్ళు, డ్రైవరుకి కానాగడత చేపలు, డ్యూటీలు వేసే గుమస్తాకి రొయ్యలు. వారానికోసారి తట్టలవాళ్ళందరి చేతా చందా వేయించి మేనేజరు ఇంటికి అన్నిట్లోకీ ఖరీదైన వంజరం చేప. హోదా పెరిగినకొద్దీ ముళ్ళు తగ్గేవి. మిగిలినవి క్యాంటీన్‌కి. నేనూ తిన్నాను, మారు వడ్డించమని అడిగి మరీ తిన్నాను.

జీపు

మొదట్లో చెప్పిన పెద్దమనిషి ఖాదర్ గారే. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా ఆయన కంటే ముందు ఇద్దరు మేనేజర్ల కింద పనిచేశాను. మొదటాయనకి నోటీసుల పిచ్చి. గోడ మీద ఖాళీ కనిపిస్తే చాలు, "దురుసుగా ప్రవర్తించరాదు", "సమయపాలన పాటించవలెను" అని రాయించి అంటించేవాడు. ఆయన వెళ్ళిపోయాక ఆ కాగితాలు చింపి కండక్టర్లు నెత్తళ్ళు పొట్లాలు కట్టుకున్నారు. ఆయన వల్ల సంస్థకి జరిగిన ఒకే ఒక్క ఉపకారం అదే.

రెండో ఆయన గట్టివాడినని పేరు పెట్టుకున్నాడు, ఎందుకంటే గట్టిగా అరిచేవాడు. ఒకసారి తొలి బస్సు మీద ఆకస్మిక తనిఖీ చేద్దామని నాతో రహస్యంగా చెప్పాడు. తెల్లారకుండా డిపోకి వచ్చాం. జీపు స్టార్ట్ కాలేదు. తోయడానికి మనుషులు కావాలి. ఆ వేళప్పుడు డిపోలో ఉన్నది తొలి బస్సు డ్రైవరూ కండక్టరే. పాపం ఇద్దరూ చెమటలు కారేలా గేటు దాకా తోశారు. "ఎక్కడికి సార్ ఇంత పొద్దున్నే?" అని కండక్టరు అడిగితే, "చెకింగ్‌కి" అని ఈయన చెప్పేశాడు. ఆవేళ తొలి బస్సులో చేప కాదు కదా, చేప పొలుసు కూడా దొరకలేదు. "నా పేరు చెబితే హడల్" అని ఆయన పదవీ విరమణ దాకా చెప్పుకున్నాడు.

అరుపుని బలం అనుకునే పై అధికారి కింద పనిచెయ్యడం చాలా సుఖం. ఆయన అరుస్తున్నంతసేపూ తల దించుకుంటే సరిపోతుంది, తరవాత ఎవరి పని వాళ్ళది.

వంజరం

ఎనభైల మొదట్లో, ఉక్కు ఫ్యాక్టరీ పనుల కోసం ఊళ్ళోకి ఎక్కడెక్కడి జనమో దిగుతున్న రోజుల్లో, ఖాదర్ గారు మేనేజరుగా వచ్చారు. పాత ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. తండ్రికి పూర్ణా మార్కెట్ దగ్గర రేకు డబ్బాలు, లాంతర్లు చేసే చిన్న కొట్టుండేది. సన్నగా, పొట్టిగా, జుట్టు మీద విపరీతమైన శ్రద్ధతో ఉండేవారు. మాట మెత్తగా వచ్చేది. ఆ మెత్తదనం చూసి యూనియన్ నాయకుడు కనకారావు తెగ సంబరపడ్డాడు. కనకారావు తొలి బస్సు కండక్టరు. మాది విజయనగరం వైపు ఒకే ఊరు, అతని భార్య సత్యవతి నాకు చెల్లెలి వరస. "బావా, ఈయన మనకి సరిగ్గా సరిపోనాడు. పొడిస్తే నెత్తురు కూడా రాదు" అన్నాడు నాతో.

మొదటి రోజు సాయంత్రమే ఖాదర్ గారింటికి ఆనవాయితీగా వంజరం వెళ్ళింది. మర్నాడు పొద్దున ఆయన నన్ను పిలిచారు.

"నాయుడూ, నిన్న మా ఇంటికి వంజరం ఎవరు పంపారు?"

"డిపో తరఫున సార్. కొత్తగా వచ్చారు కదా అని."

"అరె! డిపోకి సముద్రం ఎప్పుడిచ్చారు?"

ఆయన రెట్టించలేదు. మధ్యాహ్నం తిన్నగా క్యాంటీన్‌కి వచ్చి అందరితోపాటు బల్ల మీద కూర్చున్నారు. పులుసు వేయించుకుని, ముక్క విరిచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కనకారావు మురిసిపోయాడు.

"బావుందా సార్?"

"చాలా బావుంది. మా అమ్మ చేప కొనాలంటే జీతాల రోజు దాకా ఆగేది. మీరు రోజూ వండుతున్నారు. పప్పు కొనడానికి డబ్బుల్లేని డిపో ఇన్ని చేపలు ఎలా కొంటోంది కనకారావ్?"

"ఏదో సార్, హార్బరు దగ్గర కదా... చవగ్గా ఒస్తాయి" అన్నాడు కనకారావు.

ఖాదర్ గారు కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున నన్ను వెంటబెట్టుకుని రిక్షాలో హార్బరు స్టాపుకి వచ్చి తొలి బస్సెక్కారు. భుజాన తువ్వాలేసుకుని జనంలో నిలబడితే కనకారావు ఆయన్ని పోల్చుకోలేదు, నన్ను చూసి కన్ను కొట్టాడు. బకెట్టు నిండడం ఖాదర్ గారు గాజువాక దాకా కళ్ళారా చూశారు.

రూలు

ఇక్కడ ఆయన చేసిన పెద్ద తప్పు చెప్పాలి. మంచి అధికారి తప్పులు చెడ్డ అధికారి ఒప్పుల కంటే ఎక్కువ పనికొస్తాయి.

ఆ సాయంత్రం గేటు దగ్గర అందర్నీ నిలబెట్టి, అదే మెత్తటి గొంతుతో ఖాదర్ గారు అన్నారు. "రేపట్నుంచి బస్సులో చేప కనబడితే, మీకు ఉద్యోగం కనబడదు. నాతో సహా ఎవరింటికీ చేప వెళ్ళకూడదు. బస్, అంతే."

ఎవరూ గొడవ చెయ్యలేదు. కనకారావు ముందుకొచ్చి, "సరే సార్. రూలు రూలే" అన్నాడు. ఆ వినయం చూసి నాకు భయమేసింది.

మర్నాడు హార్బరు స్టాపులో కనకారావు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "తట్ట ఎక్కదు. మేనేజరు ఆర్డరు." తట్టలన్నీ కింద మిగిలిపోయాయి. బస్సు ఖాళీగా గాజువాక వెళ్ళి ఖాళీగా వచ్చింది. నీచు వాసన భరించలేక ఆ బస్సెక్కడం ఎప్పుడో మానేసిన మిగతా ప్రయాణికులకి అందులో ఇప్పుడు చేపల్లేవని ఎవరు చెబుతారు? కలెక్షన్ అంతకు ముందెంతో ఇప్పుడూ అంతే. లంచం ఆగింది, ఆదాయం రాలేదు. ఖాదర్ గారు మాత్రం ఆ రెండ్రోజులూ ఏదో అడ్డుకట్ట వేసినట్టు ఛాతీ విరుచుకుని తిరిగారు. ఇంతలో పైనుంచి కబురొచ్చింది, నష్టాల్లో నడిచే ట్రిప్పులు నెలాఖరుకి ఆపేయాలని. తొలి బస్సు పేరు అందరికంటే ముందుంది.

మూడో రోజు పైడమ్మ వచ్చింది. హార్బరు దగ్గర్నుంచి కంచరపాలెం వెళ్ళి వీధులు తిరిగి చేపలమ్మే మనిషి. మొగుడు పడవల మీద పనికి వెళ్ళి, కీళ్ళు పట్టేసి ఇంట్లో ఉంటే, అత్తనీ ఇద్దరు పిల్లల్నీ ఆ తట్టే పోషిస్తోంది. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని గదిలోకి వచ్చేసింది.

"బాబూ, మీరేనా కొత్త మేనేజరు? నా తట్ట ఏటి సేసినాది మీకు?"

"నీ మంచికేనమ్మా. ఇంక నువ్వు ఎవరికీ చేపలు ఇవ్వక్కర్లేదు" అన్నారు ఖాదర్ గారు.

"ఇయ్యక్కర్లేదు, సరే. మరెక్కడానికేటి దారి? గుప్పెడు సేపలిస్తే ఎక్కనిచ్చీవోరు. మీరొచ్చి సేపా ఆపీసినారు, బస్సూ ఆపీసినారు. నడిసి ఎల్లేసరికి ఎండెక్కిపోతన్నాది. సేప మెత్తబడిపోతే ఎవుడు కొంతాడు? నిన్న పూర్ణా మార్కెట్‌లోనే అయినకాడికి ఒదిలీసినాను. ఇలాగైతే తట్ట అటక మీదెట్టీసి ఫ్యాక్టరీ కాడికి రాళ్ళు మొయ్యడానికి పోవాల. నాకు రాళ్ళు మొయ్యడం రాదు బాబూ, సేపలమ్మడమే వొచ్చు."

కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, బతిమాలింది. చేతులు జోడించి, "మీ కాళ్ళు పట్టుకుంతాను, ఎప్పట్లాగే సేపలిస్తాను, ఎక్కనియ్యండి" అంది. ఖాదర్ గారు లేచి నిలబడిపోయారు. ఆవిడ వెళ్ళాక చాలాసేపు కిటికీలోంచి యార్డులోకి చూస్తూ ఉండిపోయారు.

"నాయుడూ, మనవాళ్ళు దొంగలే. కానీ వాళ్ళ దొంగతనం లోపల ఒక సర్వీసుంది. మనం నడపాల్సింది, నడపనిది. నేను దొంగతనాన్ని పీకుతూ దాన్ని కూడా పీకేశాను."

నాకు ఆయన మీద గౌరవం పుట్టింది ఆ క్షణంలోనే. తప్పు చేశానని నలుగురిలో ఉపన్యాసం ఇచ్చే అధికారుల్ని తరవాత చాలామందిని చూశాను. ఈయన ఉపన్యాసం ఇవ్వలేదు, గ్యారేజీకి వెళ్ళారు.

సీట్లు పీకిన బస్సు

గ్యారేజీ వెనక తుక్కుకి వెళ్ళాల్సిన బస్సొకటి పడి ఉండేది. ఇంజను బానే ఉంది, సీట్లే చిరిగిపోయాయి. ఖాదర్ గారు దాని చుట్టూ తిరిగి, సీట్లన్నీ పీకి నేలంతా రేకు పరిచి, నీళ్ళు పోవడానికి కన్నాలు పెట్టమని ఫోర్‌మన్‌కి చెప్పారు. రెండు పక్కలా కూర్చోడానికి చెక్క బల్లలు, మధ్యలో తట్టలు. చేపలవాళ్ళకే ఒక బస్సు. మనిషికి టికెట్టు, తట్టకి లగేజీ టికెట్టు. అసలు తొలి బస్సు మామూలు ప్రయాణికులకి, చేపల్లేకుండా.

"బస్సుని సేపల బండి సేసీమంటారా సార్?" అని ఫోర్‌మన్ మొహం ముడుచుకున్నాడు. ఆ పని అతనికి శవాన్ని ఎక్కించమన్నంత బాధగా తోచింది.

రీజియన్ ఆఫీసులో ఉండే, మా డిపోలన్నిటికీ పై అధికారి అయిన పెద్దాయనకి ఖాదర్ గారు ఫోన్ చేశారు. కుదరదన్నాడాయన. పచ్చి చేపలకి రూలు ఒప్పుకోదు, జనం నవ్వుతారు, నీచు వాసన అన్నాడు. ఖాదర్ గారు అన్నీ విని, "సరే సార్, ఆపమని రాసిచ్చెయ్యండి, ఆపేస్తాను" అన్నారు. రాసివ్వడం అనేసరికి అవతల గొంతు తగ్గింది. చివరికి, "ఒక నెల చూస్తాను. స్వయంగా వస్తాను. బాగోలేకపోతే ఆ బస్సు తుక్కుకి, తొలి బస్సు కూడా బందు. నువ్వు మన్యంలో డిపోకి" అన్నాడు పెద్దాయన.

ఇక మిగిలింది కండక్టర్లు. చేపల బస్సులో డ్యూటీ చెయ్యమంటే యూనియన్ ఒప్పుకోనంది. వాసన, పరువు, యూనిఫారం, ఒకటా! ఖాదర్ గారు ఎవర్నీ బలవంతపెట్టలేదు. ఆయన పని కంచరపాలెం చేసిపెట్టింది.

మా కండక్టర్లలో సగం మంది కంచరపాలెంలోనే కాపురం. ఒక ఆదివారం సత్యవతి మా ఇంటికొచ్చి నా మీద విరుచుకుపడింది. "అన్నియ్యా, ఆ పైడమ్మ మా ఈధిలోకి వొచ్చి మా గుమ్మం దాటీసి పక్కింటికి ఎల్లిపోతన్నాది. పిలిస్తే, 'మీ ఇంటికి అమ్మడానికి రూలు ఒప్పుకోదమ్మా, మీ ఆయన్నే అడుగు' అంటన్నాది. ఈధంతా నవ్వుతన్నారు. డబ్బులిస్తానన్నా సేప ఇవ్వట్లేదు!" చేపలవాళ్ళందరూ కూడబలుక్కున్నారు. బస్సువాళ్ళ ఇళ్ళకి నెత్తళ్ళు కూడా లేవు. క్యాంటీన్‌లో సరేసరి, రోజూ బెండకాయ పులుసు.

రెండ్రోజులకి కనకారావు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "బావా, ఆ డ్యూటీ నాను సేస్తానని సెప్పు. కానీ సబ్బు ఇయ్యాల. డ్యూటీ దిగాక ఒళ్ళు రుద్దుకోడానికి మంచి సబ్బు, గ్యారేజీలో బట్టల సబ్బు కాదు" అన్నాడు. ఖాదర్ గారు సబ్బుకి ఒప్పుకున్నారు. నా ఉద్యోగంలో చూసిన అన్ని యూనియన్ ఒప్పందాల్లోకీ చవగ్గా కుదిరిందీ, ఎక్కువకాలం నిలిచిందీ అదే.

లగేజీ టికెట్టు ధర మాట్లాడ్డానికి ఖాదర్ గారే హార్బరుకి వెళ్ళారు. బకెట్టులో పడే గుప్పెడు చేపల ఖరీదెంతో అంతే పెడతానన్నారు. పైడమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"అదెలాగ బాబూ? సేపైతే సిన్నవి ఏరి ఇచ్చీదాన్ని. రూపాయిలో సిన్న రూపాయుంటాదేటి?"

ఖాదర్ గారికి నవ్వాగలేదు. ధర తగ్గించారు.

బస్సు మొదలైంది. తట్ట పెట్టడానికి చోటు, కాళ్ళు చాపుకోడానికి చోటు, కంచరపాలెంలో ఎండెక్కకముందే దిగడం. నాలుగు రోజుల్లోనే నిండిపోయింది. అంతకంటే తమాషా ఏమిటంటే, నీచు వాసన వదిలిన అసలు తొలి బస్సు కూడా నిండడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ పనులకి వెళ్ళే మేస్త్రీలు, కూలీలు లారీలు మాని అందులో ఎక్కారు. ఒక్క పైసా తేని ట్రిప్పు స్థానంలో డబ్బులు తెచ్చే ట్రిప్పులు రెండయ్యాయి. అది చూసి పూర్ణా మార్కెట్ కూరగాయలవాళ్ళు మాకూ బస్సు కావాలన్నారు, వాళ్ళకి మధ్యాహ్నం అదే బస్సు కడిగి తిప్పాం. అప్పట్లో పొలాలూ తోటలూ తప్ప ఏమీ లేని మధురవాడ వైపు పల్లెల సాయంత్రం ట్రిప్పు కూడా ఆపేసే జాబితాలో ఉండేది. ఈ డబ్బు అండతో ఖాదర్ గారు దాన్ని ఆపనివ్వలేదు. బడి నుంచి ఇంటికెళ్ళే ఆడపిల్లలు ఆ ట్రిప్పులోనే తిరిగేవారు.

కొత్తగా చేరేవాళ్ళకి

మా వీధి అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను. ఖాదర్ గారు మహాత్ముడేం కాదు. మొండి. ఒకసారి అన్న మాట తప్పని తెలిసినా రెండ్రోజులు పట్టుకుని వేళ్ళాడతారు. దువ్వెన కనబడకపోతే డిపో అంతా వెతికించేవారు. కానీ పైవాళ్ళ కోపానికి తాను ఎదురు నిలబడి, కిందివాళ్ళ అవసరాన్ని తాను వెళ్ళి చూసేవారు. చాలామంది అధికారులు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. కిందివాళ్ళ మీద కోపం చూపిస్తారు, పైవాళ్ళ అవసరాలు చూస్తారు. ప్రభుత్వం దివాలా తీసేది అక్కడే, డబ్బుల్లేక కాదు.

ఇంకొకటి. మీ ఆఫీసులో లంచం కనబడితే తీసుకున్నవాణ్ణి పట్టుకోండి, మంచిదే. ఆ తరవాత ఇచ్చినవాడి దగ్గర కూర్చోండి. అతను దేనికోసం ఇచ్చాడో అది మీరు చెయ్యాల్సిన పని. దాన్ని సరైన ధరకి, అందరికీ ఒకేలా చేసి పెడితే డబ్బు ఖజానాకి దానంతటదే వస్తుంది. ఇంతకంటే లోతైన ఆర్థికశాస్త్రం నాకు తెలీదు.

పెద్దాయన వచ్చిన పొద్దు

నెల తిరిగేసరికి అన్నట్టే పెద్దాయన వస్తున్నాడని తెలిసింది. చేపల బస్సు ఉంటుందా ఊడుతుందా ఆ పొద్దున తేలిపోతుంది. పైడమ్మకీ తెలుసు. ముందు రోజు కనకారావుని అడిగిందట, "ఆయన మంచోడేనా?" అని. "మంచోడైతే రీజియన్‌లో ఎందుకుంటాడే" అన్నాడట వీడు.

సరిగ్గా ఇక్కడే మావాళ్ళు మావాళ్ళనిపించుకున్నారు. పెద్దాయన గేటులోకి రాగానే కళ్ళు చెదరాలని ఫోర్‌మన్ రెండు బస్సులు కడిగి, రంగు పూసి, గేటు పక్కన నిలబెట్టాడు. డిపోలో ఉన్న మంచి టైర్లన్నీ వాటికి బిగించాడు. అవి ఎక్కడికీ వెళ్ళేవి కావు, కనబడడానికే. అరిగిపోయిన టైర్లు తెచ్చి చేపల బస్సుకి వేశాడు. చీకటి విడీ విడకుండా హార్బరుకి బయల్దేరబోయిన చేపల బస్సు యార్డు దాటకుండానే ఢామ్మంది. మారుద్దామంటే టైరు లేదు. మంచి టైర్లు విప్పుదామంటే పెద్దాయన వచ్చే వేళయింది, ఆయన ముందు బస్సు ఒంటి కాలి మీద నిలబడితే ఎలా అని ఫోర్‌మన్ అడ్డుపడ్డాడు, ఆ వాదనలోనే పొద్దెక్కిపోయింది. ఖాదర్ గారు అప్పుడే వచ్చి సంగతి విని నోరు తెరిచేలోపు పెద్దాయన కారు లోపలికొచ్చింది.

తెల్లటి సఫారీ, తెల్ల బూట్లు. మెరుస్తున్న బస్సులు చూసి తలాడించాడు. "ఏదయ్యా నీ చేపల బండి?" అన్నాడు. అది యార్డు మధ్యలో ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంది.

అప్పుడు గేటు దగ్గర గోల వినబడింది. ఒక ఇసక లారీ ఆగింది, దాంట్లోంచి పైడమ్మా, వెనక మరో ముగ్గురు చేపలవాళ్ళూ దిగారు. కాపలావాణ్ణి తోసుకుని లోపలికొచ్చేశారు. పైడమ్మ చూపు తిన్నగా తెల్ల సఫారీ మీద పడింది. అందరూ అతని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు కాబట్టి తప్పు అతనిదే అయి ఉండాలి. వచ్చి తట్ట ఆయన బూట్ల ముందు దించింది. చేపల నీళ్ళు బూట్ల మీదికి కారాయి.

"ఏటయ్యా, డబ్బులు పుచ్చుకోడం తెలిసినాది గానీ బస్సు పంపడం తెలవదా? ఎంతసేపని సూడాల? సూరీడు నెత్తి మీదికొచ్చీసినాడు! రోజూ టిక్కెట్టు కొంతన్నాను, తట్టకి వేరే టిక్కెట్టు కొంతన్నాను. ఊరికే ఎక్కిస్తన్నావేటి నన్ను? నా సేపలు మెత్తబడిపోతే నువ్వు కొంతావా? కొంతావా సెప్పు!"

ఫోర్‌మన్ బస్సు వెనక్కి వెళ్ళిపోయాడు. కనకారావు, "ఒసే పైడమ్మా, ఆయనెవురో తెలుసా..." అని ఆపబోతే వాణ్ణి కూడా కలిపి తిట్టింది. నెల కిందట ఖాదర్ గారి గదిలో కాళ్ళు పట్టుకుంటానన్న మనిషి ఈవిడేనా అనిపించింది నాకు.

పెద్దాయన బూట్ల వంక చూసుకున్నాడు. తరవాత ఖాదర్ గారి వైపు తిరిగాడు.

"ఎవరీవిడ?"

"మన ప్యాసెంజరు సార్."

"మరి ఇలా తిడుతోందేమిటి?"

"టికెట్టు కొంటోంది సార్" అన్నారు ఖాదర్ గారు.

పెద్దాయన ఒరిగిన బస్సుని చూశాడు. గేటు పక్కన మెరుస్తున్న బస్సుల్ని, వాటి కొత్త టైర్లనీ చూశాడు. అంతా అర్థమైనట్టుంది. అరవలేదు. జేబురుమాలు తీసి బూటు తుడుచుకోబోయి, లాభం లేదని మానేసి, "ఆ టైరు విప్పి దీనికి వెయ్యండి, ముందు ఈవిణ్ణి పంపండి" అన్నాడు. కారెక్కుతూ, "ఈ బస్సుకి మంచి టైర్లుండాలయ్యా" అని మాత్రం అన్నాడు. రాతమూలకంగా మాకు ఏ మంజూరూ రాలేదు. ఆ ఒక్క మాట మీదే ఆ బస్సు నేను ఆ డిపోలో ఉన్నన్నాళ్ళూ నడిచింది.

కనకారావే జాకీ ఎత్తాడు. టైరు బిగించగానే నలుగురూ తట్టలతో ఎక్కారు, బస్సు మిగతావాళ్ళని ఎక్కించుకోడానికి హార్బరు వైపు కదిలింది. పైడమ్మ కోపం ఇంకా దిగలేదు. కిటికీలోంచి మెడ బయటపెట్టి ఖాదర్ గారితో అరిచింది. "రేపు కూడా ఇలాగే సేసినారంటే మళ్ళీ వస్తాను సూడండి!"

ఖాదర్ గారు రెండు చేతులూ జోడించి, "తప్పకుండా రండమ్మా" అన్నారు. బస్సు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డారు. అంత సంతోషంగా ఉన్న ప్రభుత్వాధికారిని నేను మళ్ళీ చూడలేదు.